సోలార్‌కు ఏ పొలం ఇవ్వాలి? అనంతపురంలో ఒక కన్సల్టెన్సీ సేవపై సమీక్ష

మా ఊరు అనంతపురం నుంచి కల్యాణదుర్గం వెళ్లే దారిలో ఉంది. మా నాయన పేరిట, మా అన్నదమ్ముల పేరిట కలిపి మాకు 14 ఎకరాల భూమి ఉంది. అందులో తొమ్మిదెకరాలు గుట్ట కింద గరుసు నేల, ఐదెకరాలు చెరువుకు దిగువన వంక పక్కన ఉన్న నల్లమట్టి నేల. రైతుల భూముల్లో సోలార్ కరెంటు కోసం కేంద్రం తెచ్చిన పీఎం-కుసుమ్ పథకం కింద ఒక మెగావాట్ సోలార్ ప్లాంటుకు భూమి కౌలుకు ఇస్తారా అని మధ్యవర్తులు ఇంటికి రావడం మొదలైన తరువాత, వారి మాట మీద ఆధారపడడం ఇష్టం లేక, మాకోసం మేమే సలహా తీసుకోవాలని నిర్ణయించుకున్నాం. అనంతపురంలోని ఒక చిన్న కన్సల్టెన్సీ ఇటువంటి పని చేస్తున్నదని తెలిసి, 18,000 రూపాయలు చెల్లించి నివేదిక తయారు చేయించుకున్నాం. ఈ సమీక్ష ఆ సేవ గురించే. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ముఖ్యమైన లోపం ఆ ఒక్క సంస్థది కాదని, ఈ పని చేసేవారందరి దగ్గరా, చివరికి పట్టణ ప్రణాళికలు గీసేవారి దగ్గర కూడా ఉన్నదని నాకు తరువాత అర్థమైంది.

వారు చేస్తామన్న పనులు ఇవి: భూమిని కొలిచి హద్దులు గుర్తించడం, దగ్గరలోని సబ్‌స్టేషన్‌కు దూరం లెక్కించడం, అడంగల్, 1బి, ఈసీ వంటి భూమి కాగితాలు పరిశీలించి హక్కుల చిక్కులేమైనా ఉన్నాయేమో చెప్పడం, వ్యవసాయేతర వినియోగానికి భూమిని మార్చుకోవడానికి కావలసిన కాగితాలు సిద్ధం చేయడం, కౌలు ఒప్పందం ముసాయిదా చూసి పెట్టడం. మూడు వారాలలో ఇస్తామన్న నివేదిక ఏడు వారాలకు చేతికి వచ్చింది. ఆలస్యం నన్ను పెద్దగా బాధించలేదు. పాతికేళ్లకు పైగా భూమిని కట్టివేసే నిర్ణయానికి నాలుగు వారాల ఆలస్యం ఎక్కువ కాదు.

కొలతల పని మాత్రం ఎంతో శ్రద్ధగా చేశారు. ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే డీజీపీఎస్ పరికరం భుజాన వేసుకుని వచ్చిన సర్వేయరు కుర్రవాడు పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి మధ్యాహ్నం రెండు దాకా ప్రతి గనిమ మూలన కర్ర నిలబెట్టి పాయింట్లు తీసుకున్నాడు. గుట్ట వైపు ఉన్న పాత హద్దురాయి ఒకటి ముళ్లపొదల్లో కనబడకపోతే, ఉజ్జాయింపుగా గుర్తు వేసి ముందుకు వెళ్లకుండా, కొడవలి అడిగి తీసుకుని కంపను తానే నరికి రాయిని బయటపెట్టాడు. పక్క రైతును పిలిపించి అతని ఎదుట ఆ రాయి ఫోటో తీశాడు. పదేళ్లుగా మాకూ ఆ పక్క రైతుకూ ఉన్న నాలుగు గజాల తగాదా ఆ పూటతో తీరిపోయింది. ఈ ఒక్క పనికే సగం ఫీజు చెల్లించవచ్చునని నేను మనస్ఫూర్తిగా చెబుతాను.

చిక్కు నివేదిక చివరి పేజీలో ఉంది. ప్లాంటుకు చెరువు దిగువన ఉన్న ఐదెకరాలే అనువైనవని, గుట్ట కింది భూమి రెండవ ప్రాధాన్యమని అందులో రాశారు. కారణం ఒక్కటే. నల్లనేల 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు 800 మీటర్ల దూరంలో ఉంది. గరుసు నేల 2.6 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ పేజీ చదివి వినిపించినప్పుడు మా నాయన ఒకే ప్రశ్న వేశాడు: "కరెంటు తీగ దగ్గరుంటే మంచి నేల బీడయిపోతుందా నాయనా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే నాకు అర్థమైన సంగతి ఇది. పల్లెల్లోని సబ్‌స్టేషన్లను బోర్లు ఎక్కువగా ఉన్న చోట, అంటే మోటార్ల లోడు ఎక్కువగా ఉన్న చోట కడతారు. బోర్లు ఎక్కువగా ఉండేది నీళ్లు ఉన్న చోట. అనంతపురం వంటి, సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ప్రాంతంలో నీళ్లు నిలిచేది చెరువుల కింద, వంకల పక్కన, లోతు మట్టి ఉన్న పల్లపు నేలల్లోనే. కాబట్టి సబ్‌స్టేషన్ చుట్టూ ఉండే భూమి ఊళ్లో అన్నిటికన్నా మంచి భూమి కావడం యాదృచ్ఛికం కాదు. ఇప్పుడు ఆ సబ్‌స్టేషన్‌కు దగ్గరగా ఉండడమే సోలార్ ప్లాంటుకు మొదటి అర్హత అంటే, ఏ మంచి నేల కోసం కరెంటు తెచ్చారో ఆ నేలనే కరెంటు కోసం వదులుకోవలసి వస్తుంది. పీఎం-కుసుమ్‌లో మొదటి భాగం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా చిన్న ప్లాంట్ల కోసం ఉద్దేశించినది. బంజరు, బీడు భూములనే ముందు ఎంచుకోవాలని, సాగుభూమిలో పెట్టదలిస్తే ప్యానెళ్లను ఎత్తుగా స్తంభాలపై నిలబెట్టి కింద పంట సాగేలా చూడాలని ఆ పథకం నిబంధనలే చెబుతున్నాయి. అదే పథకం సబ్‌స్టేషన్‌కు అయిదు కిలోమీటర్ల లోపు ఉండే స్థలాలకు ప్రాధాన్యం కూడా ఇస్తుంది. అయిదు కిలోమీటర్లంటే మా గుట్ట కింది భూమి కూడా అందులోకి వస్తుంది. 800 మీటర్లకూ 2.6 కిలోమీటర్లకూ మధ్య ఉన్న తేడా లైను ఖర్చు మాత్రమే. దాన్ని భూమి అర్హతగా చూపడం తప్పు.

ఆ ఖర్చు ఎంత? నివేదికలోని లెక్క ప్రకారమే 11 కేవీ లైనును గుట్ట దాకా తీసుకువెళ్లడానికి అదనంగా సుమారు 17 లక్షల రూపాయలు అవుతుంది. ప్లాంటు మొత్తం ఖర్చు సుమారు 4 కోట్లు అని కూడా అదే నివేదికలో ఉంది. అంటే నూటికి నాలుగు రూపాయలకు కాస్త ఎక్కువ. ఈ రెండు అంకెలు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి, వాటిని ఒకచోట పెట్టి చూసిన వాక్యం నివేదికలో లేదు. నాలుగు రూపాయలు ఆదా చేయడానికి మూడు తరాలు సాగుచేసిన నేలను కంచె లోపల పెట్టమనడం ఏ రకమైన సలహా అని నేను కార్యాలయానికి వెళ్లి అడిగాను. అడిగిన తీరు కొంచెం గట్టిగానే ఉందేమో. అయినా వారు నొచ్చుకోకుండా కూర్చోబెట్టి వివరించారు. రికార్డులో రెండు భూములకూ "మెట్ట" అనే ఉన్నదని, అందువల్ల నేల విషయంలో రెండూ సమానమేనని తీసుకున్నామని చెప్పారు.

అక్కడే అసలు తప్పు దొరికింది. రెవెన్యూ రికార్డులో మెట్ట, మాగాణి అనే విభజన ప్రభుత్వ నీటి వనరు కింద భూమి నమోదైందా లేదా అన్నదాన్ని చెబుతుంది గాని, మట్టి లోతును గాని బలాన్ని గాని చెప్పదు. మా ఐదెకరాలు చెరువు నమోదిత ఆయకట్టుకు అవతల ఉండి, రెండు బోర్లతో సాగవుతున్నాయి. కాబట్టి కాగితం మీద అవీ మెట్టే, గుట్ట కింద జానెడు మట్టి లేని తొమ్మిదెకరాలూ మెట్టే. అడంగల్‌లోని ఒక్క గడిని చూసి నేలను తూచారు.

అయితే నేలను తూచిన కాగితం లేకపోలేదు. దత్తమండలాలు, అంటే మన రాయలసీమ ప్రాంతం, 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి పొలం పొలం కొలిపించి శిస్తు నిర్ణయించాడు. ఆ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో జరిగిన సెటిల్‌మెంట్లలో ప్రతి సర్వే నంబరుకూ నేల రకాన్ని, దాని "తరాన్ని", అంటే నేల నాణ్యత స్థాయిని, నమోదు చేశారు. ఆర్‌ఎస్‌ఆర్ అని రెవెన్యూవారు పిలిచే రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో ఆ గడులు నేటికీ ఉన్నాయి. శిస్తు వసూలు కోసమే అయినా, ఆ కాలపు ఉద్యోగులు మట్టిని చూసి అంకె వేశారు. నూరేళ్లకు పైబడిన ఆ రిజిస్టరులో మా రెండు సర్వే నంబర్ల తరాలు ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్నాయి. ఇంత విలువైన సమాచారం చేతిలో ఉండగా, సోలార్‌కు భూమి చూపే పనిలో దాన్ని ఎవరూ తెరవకపోవడం నన్ను నిజంగా కలచివేసింది.

కాగితం ఒక్కటే చాలదని, సర్వేయరు కుర్రవాణ్ని మళ్లీ పిలిపించి రెండు చోట్లా గుంతలు తవ్వించాం. గుట్ట కింద పార నాలుగు పోట్లు వేయగానే ఖంగున మోగింది. జానెడు ఎర్రమట్టి, దాని కింద పిడికెడు పిడికెడు గులకరాళ్లు, ఆ కింద గునపానికి కూడా లొంగని గరుసు పొర. చెరువు దిగువన మూడడుగులు దిగినా మట్టి అదే నలుపు. గుంత గోడ మీద పప్పుశనగ వేర్లు తెల్లటి దారాల్లా కిందిదాకా వేలాడుతున్నాయి. పిడికిట పట్టి నొక్కితే మట్టి ముద్ద కట్టి, వేళ్ల గుర్తులు అలాగే నిలిచాయి. ఆ కుర్రవాడు గుంతలో దిగి టేపు పట్టుకుని ఫోటో తీసుకుంటూ, "పెద్దాయనా, ఇది ముందే చూపించి ఉంటే నివేదిక ఇలా రాసేవాళ్లం కాదు" అన్నాడు. అతని మాటలో నిజాయితీ ఉంది. కాని చూపించవలసిన బాధ్యత రైతుది కాదు, చూడవలసిన బాధ్యత ఫీజు తీసుకున్నవారిది.

కౌలు మొత్తం మీద కూడా నివేదిక ఒకవైపు లెక్కే చూపింది. పోలికకు మనకు దగ్గరలోనే పావగడ ఉంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో తిరుమణి, వల్లూరు, బళసముద్రం వంటి అయిదు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. అక్కడ భూమిని కొనకుండా రైతుల నుంచి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకుని, రెండేళ్లకు ఒకసారి నూటికి అయిదు చొప్పున పెంచుతూ వస్తున్నారు. వరుసగా వానలు తప్పిన ఆ నేలపై ఎదురుచూడకుండా వచ్చే ఆ డబ్బు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను. కల్యాణదుర్గం మీదుగా ఆ ఊళ్లు ఒకసారి చూసి రండని ఈ కన్సల్టెన్సీవారే మాకు సలహా ఇచ్చారు, అందుకు వారికి కృతజ్ఞతలు. అక్కడ చాలామంది మన తెలుగే మాట్లాడతారు. పట్టా ఉన్నవారు కౌలు గురించి చెప్పారు, పట్టా లేనివారు పని గురించి చెప్పారు. నాట్లకు, కలుపుకు, కాయ ఒలవడానికి వెళ్లే ఆడవాళ్లకు ఇప్పుడు ఆ చేలు లేవు. మా ఐదెకరాల్లో వేరుశనగ, టమోటా, పప్పుశనగ కలిపి ఏడాదికి నాలుగు వందలకు పైగా కూలి దినాలు నడుస్తాయని మా అన్న రాసుకునే పద్దుపుస్తకం చెబుతుంది. పావగడ తొలి రేటు ప్రకారం ఐదెకరాలకు వచ్చే 1,05,000 రూపాయల కౌలు మాకు అందుతుంది. ఆ నాలుగు వందల దినాల కూలి మాత్రం ఊళ్లో ఎవరికీ అందదు. గుట్ట కింది భూమిలో అయిదేళ్లలో మూడేళ్లు విత్తనం కూడా తిరిగి రాదు కాబట్టి, అక్కడ అదే కౌలు మాకూ లాభమే, ఊరికీ నష్టం తక్కువే.

తక్కువే అన్నాను గాని, లేదనలేదు. గరుసు నేలను చూసినవారు బీడు అంటారు, కాని ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మూడు ఊళ్ల గొర్రెలు గుట్ట ఎక్కేది మా భూమి మీదుగానే. నివేదికలోని మొదటి నమూనా పటంలో కంచెను నాలుగు వైపులా హద్దు రాళ్ల వెంటే గీశారు. గుట్టకు వెళ్లే బండిదారి ఆ పటంలో లేనే లేదు. గొర్రెల కాపరులను పిలిచి అడిగిన తరువాత తూర్పు వైపు పదిహేను అడుగుల దారి వదలాలని, కంచె లోపల పెరిగే కసువును మేపుకోవడానికి గొర్రెలను అనుమతించాలని రాయించాం. మేకలు ప్యానెళ్ల మీదికి ఎక్కుతాయి కాబట్టి వాటిని వద్దన్నారు, అది న్యాయమే. గుట్ట నుంచి దిగే వాననీరు ఎటు పోతుందన్నది కూడా ముఖ్యం. ఏటవాలు నేలను బుల్డోజరుతో చదును చేస్తే ఉన్న జానెడు మట్టి మొదటి పెద్దవానకే కొట్టుకుపోయి దిగువ చెరువును పూడుస్తుంది. నేలవాలును అలాగే ఉంచి స్తంభాల ఎత్తునే సర్దుకోవచ్చని, అడ్డంగా కందకాలు తీయించవచ్చని వారి ఇంజినీరే చెప్పారు. అడిగితే తెలిసిన సంగతులు ఎన్నో వారి దగ్గర ఉన్నాయి. అడగకముందే చెప్పే అలవాటు లేదు.

ఎత్తయిన స్తంభాలపై ప్యానెళ్లు పెట్టి కింద పంట వేసే పద్ధతి గురించి నివేదికలో ఒక పేరా ఉంది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల క్షేత్రంలో ప్యానెళ్ల నడుమ పంటలు పండించి, ప్యానెళ్ల మీద పడిన వాననీటిని పట్టి తిరిగి వాడుకుంటున్నది. కొచ్చి విమానాశ్రయంలో ప్యానెళ్ల కింద కూరగాయలు పండిస్తున్నారు. మాకు మాత్రం ఇనుము ఖర్చు భరించలేనిదిగా తోచింది, ఎండను కోరే వేరుశనగకు ఆ నీడ పనికిరాదు కూడా. అందుకని ఆ మాట అక్కడితో వదిలేశాం.

ఈ సేవను పరిశీలిస్తూ నేను పట్టణ ప్రణాళిక గురించి కూడా కొంత తెలుసుకున్నాను, దాన్ని ఇక్కడే చెప్పాలి. మా ఊరు ఇప్పుడు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంది. మాస్టర్ ప్లాన్ పటంలో ఊరి చుట్టూ ఉన్న భూమినంతటినీ వ్యవసాయ మండలంగా ఒకే ఆకుపచ్చ రంగులో చూపారు. గుట్ట కింది గరుసుకూ చెరువు కింది నల్లమట్టికీ అక్కడ ఒకటే రంగు. రంగు ఒకటే అయినప్పుడు, భూమి మార్పిడి కోరుతూ వచ్చిన దరఖాస్తును ఏ ఆధారంతో ఒప్పుకోవాలి, ఏ ఆధారంతో నిరాకరించాలి? 2006లో వచ్చిన భూమి మార్పిడి చట్టం ప్రధానంగా రుసుము చెల్లింపు చుట్టూ తిరిగింది గాని, ఏ నేలను కాపాడాలో చెప్పలేదు. పెద్ద పార్కులకు వేల ఎకరాలు ఒకేచోట కావాలి. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల పార్కుకు 5,900 ఎకరాలకు పైగా పట్టింది. అటువంటి నిర్ణయాలు రాష్ట్ర స్థాయిలో, అందరి కళ్ల ఎదుట జరుగుతాయి. ఒక్కొక్క మెగావాట్‌కు నాలుగైదు ఎకరాల చొప్పున ఊరూరా వచ్చే చిన్న ప్లాంట్లు ఎవరి కంటా పడకుండా ఒక్కొక్క మంచి కయ్యనూ తీసుకుపోతాయి. అందుకే ఆకుపచ్చ రంగులో కనీసం రెండు ఛాయలు ఉండాలని నా గట్టి అభిప్రాయం: లోతు మట్టి, నీటి వసతి ఉన్న నేల ముదురు ఆకుపచ్చ, అక్కడ నేల మీద ప్లాంటు వద్దు; గరుసు, చౌడు నేలలు లేత ఆకుపచ్చ, అక్కడ దారులు, మేత, నీటి వాలు చూసి అనుమతించాలి. దానికి కొత్త సర్వే అక్కరలేదు, ఆర్‌ఎస్‌ఆర్‌లోని తరాన్ని పటం మీదికి ఎక్కించి, పొలాల్లో గుంతలు తవ్వి సరిచూసుకుంటే మొదటి ముసాయిదా తయారవుతుంది.

పట్టణం లోపలి కప్పులను కూడా అదే ప్రణాళికలో లెక్కించాలి. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల కప్పు చాలు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు 78,000 రూపాయల రాయితీ వస్తుంది. మార్కెట్ యార్డుల షెడ్లు, గోదాములు, కళాశాలలు కలిపితే అనంతపురం పట్టణంలోనే ఎన్ని లక్షల చదరపు అడుగులున్నాయో ఎవరైనా లెక్కకట్టాలి. గుజరాత్‌లో 2012లోనే నర్మదా కాలువ మీద ఒక మెగావాట్ ప్లాంటు పెట్టారు, మనకూ హంద్రీ-నీవా కాలువ ఉంది.

మళ్లీ సేవ దగ్గరకు వస్తాను. అభ్యంతరాలు చెప్పిన పది రోజులకు, అదనపు ఫీజు అడగకుండా, సవరించిన నివేదిక ఇచ్చారు. అందులో నేల గుంతల ఫోటోలు ఉన్నాయి, రెండు సర్వే నంబర్ల తరాలు ఉన్నాయి, లైను ఖర్చును ప్లాంటు ఖర్చుతో పోల్చిన పట్టిక ఉంది, గుట్టకు వెళ్లే దారి ఉంది. సిఫారసు గరుసు నేలకు మారింది. కౌలు ఒప్పందం ముసాయిదాలో మాకు ఎంతో ఉపయోగపడిన మూడు మాటలను వారే సూచించారు. గడువు ముగిశాక స్తంభాలు, కాంక్రీటు, భూమిలోని కేబుళ్లు తొలగించే ఖర్చుకు కంపెనీ ముందుగానే బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. పైమట్టిని తీసుకుపోకూడదు. ఏడాదికి మించిన కౌలు కాబట్టి ఒప్పందాన్ని తప్పక రిజిస్టరు చేయించాలి. మూడవది చట్టమే చెప్పిన మాట అయినా, తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి మోసపోయే రైతులున్నారు కాబట్టి ముద్దక్షరాల్లో రాయడం మేలు చేసింది. డీకేటీ పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూములు, ఉన్నవారికి 1977 నాటి చట్టం వల్ల వచ్చే ఇబ్బందులను కూడా ఒక పేజీలో విడమరిచారు. మాకు అది అక్కరలేకపోయినా, మా పక్క పొలం వారికి ఆ పేజీ నకలు తీసి ఇచ్చాను.

కొలతలకు, కాగితాలకు ఈ సంస్థకు పూర్తి మార్కులు ఇస్తాను. నేలను చూడడంలో మొదటి నివేదికకు ఏమీ ఇవ్వలేను. తప్పు చూపితే దిద్దుకున్న తీరు వల్లే మళ్లీ వారి దగ్గరకే వెళతాను. ఈ జిల్లాలో ఇటువంటి సేవ ఎవరి దగ్గర తీసుకున్నా, తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి మీ సర్వే నంబరు ఆర్‌ఎస్‌ఆర్ నకలు ముందుగా తెచ్చుకోండి. కొలతలకు వచ్చిన రోజునే పొలంలో రెండు చోట్ల మూడడుగుల గుంతలు తవ్వించి, సర్వేయరును అందులోకి దిగమనండి. మేము తవ్విన గుంతల్లో చెరువు వైపుది పూడ్చేశాం, పప్పుశనగకు దుక్కి మొదలైంది. గుట్ట వైపుది మాత్రం, ప్లాంటు పెట్టేవారి ఇంజినీరు వచ్చే నెలలో చూస్తానన్నాడు కాబట్టి, చుట్టూ కంప వేసి అలాగే ఉంచాం.